సెక్షన్ 19కి నేరుగా చేర్చే లింకు: ఒక తెలుగు చట్టం పేజీని సరిచేసిన అనుభవం

సమాచార హక్కు చట్టం, 2005 తెలుగు పాఠాన్ని, ప్రతి సెక్షన్ కింద సరళమైన వివరణను, దరఖాస్తు నమూనాలను కలిపి ఒకే పొడవైన వెబ్ పేజీలో అందిస్తున్న ఒక చిన్న స్వచ్ఛంద బృందం కోసం నేను చేసిన పనిని ఇక్కడ వివరిస్తున్నాను. చట్టంలో 6 అధ్యాయాలు, 31 సెక్షన్లు, 2 షెడ్యూళ్లు ఉన్నాయి. వివరణలన్నీ చేరేసరికి ఆ పేజీ ఫోన్‌లో వేలితో ఎంత జరిపినా తరగనంత పొడవైంది. ఎవరైనా ఫోన్ చేసి తమ ఇబ్బంది చెప్పుకుంటే, దానికి సంబంధించిన సెక్షన్ దగ్గరే పేజీ తెరుచుకునేలా వాట్సాప్‌లోనో ఎస్సెమ్మెస్‌లోనో ఒక లింకు పంపడం బృందం వారి నిత్యకృత్యం. ఆ లింకు నొక్కినవారిలో చాలామందికి పేజీ మొదటి నుంచే తెరుచుకుంటోందని, కొందరికి అసలు వేరే సెక్షన్ కనిపిస్తోందని తెలిశాక నన్ను పిలిచారు.

ఇది చిన్న అసౌకర్యం కాదు, ఎందుకంటే ఈ చట్టమంతా గడువుల మీదే నడుస్తుంది. దరఖాస్తు అందిన 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలని, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లోనే ఇవ్వాలని సెక్షన్ 7 చెబుతుంది. జవాబు రాకపోతే ఆ గడువు ముగిసిన 30 రోజుల లోపు మొదటి అప్పీలు వేసుకోవాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల లోపు రెండో అప్పీలుతో సమాచార కమిషన్‌కు వెళ్లాలి. ఇవి రెండూ సెక్షన్ 19లో ఉన్నాయి. ఆగిపోయిన పింఛను గురించి అడిగి, నెల దాటినా జవాబు రాక బృందానికి ఫోన్ చేసిన మనిషికి కావలసినవి ఆ సెక్షన్‌లోని నాలుగైదు వాక్యాలు. లింకు నొక్కితే అవి కాకుండా చట్టం ముందుమాట కనిపిస్తే, ఆ మనిషి కాసేపు వెతికి ఫోన్ పక్కన పెట్టేస్తారు. గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఈ వ్యాసంలో "సెక్షన్" అన్న మాటను చట్టంలోని సెక్షన్‌కే వాడుతున్నాను. పేజీలోని భాగాన్ని "విభాగం" అంటున్నాను.

ముందుగా ఇలాంటి లింకు ఎలా పనిచేస్తుందో చెప్పాలి. వెబ్ చిరునామా చివర హాష్ గుర్తు (#) పెట్టి, దాని తరువాత ఒక పేరు రాస్తే, బ్రౌజర్ ఆ పేజీని తెరిచాక అదే పేరును ఐడీగా (పేజీలోని భాగానికి దాని కోడ్‌లో పెట్టే గుర్తింపు పేరు) కలిగిన భాగం కోసం వెతికి, అక్కడికి తెరను జరుపుతుంది. హాష్ గుర్తు తరువాతి భాగాన్ని ఫ్రాగ్మెంట్ అంటారు. వెబ్ చిరునామాల ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 3986 ప్రకారం ఈ భాగాన్ని అర్థం చేసుకోవడం పూర్తిగా బ్రౌజర్ పని. అది సర్వర్‌కు అసలు చేరదు. పేజీ కావాలని సర్వర్‌ను అడిగేటప్పుడు బ్రౌజర్ ఫ్రాగ్మెంట్‌ను తన దగ్గరే ఉంచుకుని, మిగతా చిరునామానే పంపుతుంది. మేము ఎదుర్కొన్న ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క లక్షణం నుంచే పుట్టాయి. ఎవరు ఏ విభాగం కోసం వచ్చారో, ఆ విభాగం దొరికిందో లేదో సర్వర్ చిట్టాలో ఎక్కడా నమోదు కాదు. పేజీయే లేకపోతే 404 అనే సందేశమైనా వస్తుంది. విభాగం లేకపోతే బ్రౌజర్ ఏ మాటా చెప్పకుండా పేజీ పైభాగంలోనే ఉండిపోతుంది. అందుకే బృందానికి తమ లింకులు తెగిపోయాయని చాలా కాలం తెలియలేదు.

మొదటి లోపం విషయసూచికలోనే దొరికింది. పేజీ పైన 31 సెక్షన్ల జాబితా ఉంది. ఏ పేరు నొక్కితే ఆ సెక్షన్ వరకు పేజీ నెమ్మదిగా జారుతూ వెళ్లేది. చూడటానికి బాగుంది. కానీ దాన్ని కట్టినవారు మామూలు లింకులు వాడకుండా, నొక్కగానే లింకు పనిని ఆపివేసి, పేజీలో చర్యలు నడిపే ప్రోగ్రాం భాష అయిన జావాస్క్రిప్ట్‌తో తెరను జరిపే పద్ధతి పెట్టారు. తెర జరిగేది, చిరునామా పట్టీ మాత్రం మారేది కాదు. బృందంలోని వారు సెక్షన్ 19 వరకు వెళ్లి, పైనున్న చిరునామాను కాపీ చేసి, సెక్షన్ 19 లింకు పంపుతున్నామనే నమ్మకంతో ఉత్త పేజీ చిరునామానే పంపుతూ వచ్చారు. నేను ఆ జావాస్క్రిప్ట్‌ను తీసేసి, ప్రతి పేరును హాష్ గుర్తుతో మొదలయ్యే మామూలు లింకుగా మార్చాను. నెమ్మదిగా జారడం కావాలంటే, పేజీ రూపాన్ని నిర్దేశించే భాష అయిన సీఎస్‌ఎస్‌లో ఒక వరుస రాస్తే చాలు. తెర కదలికలు వద్దని ఫోన్ సెట్టింగుల్లో ఎంచుకున్నవారికి ఆ జారుడు ఆగిపోయేలా నిబంధన కూడా చేర్చాను, ఎందుకంటే అంత పొడవైన పేజీ వేగంగా జారితే కొందరికి కళ్లు తిరుగుతాయి.

రెండో లోపం దీనికన్నా ప్రమాదకరమైనది. పేజీని తయారుచేసే సాఫ్ట్‌వేర్ ప్రతి శీర్షికకు తనంతట తానే ఐడీ ఇచ్చేది, అదీ వరుస సంఖ్యను బట్టి. మొదట్లో శీర్షికలు చట్టంలోని సెక్షన్లతోనే మొదలయ్యేవి కాబట్టి 19వ ఐడీ సెక్షన్ 19కే వెళ్లేది. కొన్నాళ్లకు బృందం వారు పేజీ పైన "ఈ పేజీని ఎలా వాడుకోవాలి" అని ఒక కొత్త శీర్షిక చేర్చారు. దానితో వరుస అంతా ఒక సంఖ్య కిందికి జరిగింది. అంతకుముందు పంపిన 19వ లింకు ఆనాటి నుంచి సెక్షన్ 18ని తెరవడం మొదలుపెట్టింది.

సెక్షన్ 18, సెక్షన్ 19 పక్కపక్కనే ఉన్నా, రెండింటి పని వేరు. 18 కింద కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 19 కింద అప్పీలు చేయవచ్చు. ఫిర్యాదు మీద విచారణ జరిపి కమిషన్ జరిమానా వేయగలదు కానీ, సమాచారం ఇప్పించమని ఆదేశించాలంటే అప్పీలు దారిలోనే రావాలని మణిపుర్ రాష్ట్రానికి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. సమాచారం కావలసిన మనిషి తప్పుడు లింకు చూసి ఫిర్యాదు రాసుకుంటే, జరిమానా పడినా పడకపోయినా తనకు కావలసిన కాగితం చేతికి రాదు. ఆ లోపు అప్పీలు గడువు దాటిపోతుంది. ఒక్క శీర్షిక చేర్చినందుకు ఇంత నష్టం జరగగలదని బృందం వారికి వివరించినప్పుడు ఆ గదిలో అందరూ మౌనంగా ఉండిపోయారు. అక్కడి నుంచి ఐడీల పేర్ల గురించి మేము చాలా నిదానంగా ఆలోచించాం. ఈ పనిలో ఎక్కువ సమయం తీసుకున్నది కూడా అదే.

ఐడీని శీర్షికలోని మాటల నుంచే తీసుకోవడం అందరికీ మొదట తట్టే మార్గం. చాలా సాఫ్ట్‌వేర్లు అలాగే చేస్తాయి. వికీపీడియాలో విభాగాల లింకులు శీర్షికల పేర్లతోనే ఉంటాయి. శీర్షికను దిద్దిన రోజున పాత లింకు తెగిపోవడం దీనిలోని మొదటి చిక్కు. మేము "మొదటి అప్పీలు" అన్న శీర్షికను "మొదటి అప్పీలు ఎవరికి చేయాలి" అని మారిస్తే, దానిమీద ఆధారపడిన లింకులన్నీ పోతాయి. మన పేజీలో తప్పు దిద్దుకునే స్వేచ్ఛను మన లింకులే అడ్డుకోవడం నాకు నచ్చలేదు.

తెలుగు మాటలను ఐడీలుగా వాడితే మరికొన్ని చిక్కులు ఉన్నాయి. బృందంలోని ఒక పెద్దాయన, రిటైరైన తెలుగు ఉపాధ్యాయులు, "తెలుగు పేజీకి తెలుగు చిరునామా ఉండకూడదా?" అని నన్ను సూటిగా అడిగారు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ న్యాయమైనదిగానే తోస్తుంది. ప్రమాణాల పరంగా అడ్డేమీ లేదు. వెబ్ పేజీలు రాసే భాషకు పాత రూపమైన హెచ్‌టీఎంఎల్ 4లో ఐడీ రోమన్ అక్షరంతో మొదలవ్వాలనే నియమం ఉండేది. ఇప్పటి ప్రమాణంలో కనీసం ఒక అక్షరం ఉండి, మధ్యలో ఖాళీ లేకపోతే చాలు, ఏ లిపి అయినా చెల్లుతుంది. కాబట్టి ఆయన కోరినట్టే ఒక నమూనా పేజీ తయారుచేసి, అందరి ఫోన్లలో పరీక్షించాం. తేలిన విషయాలు ఇవి.

తెలుగు లిపికి, అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో కేటాయించిన ప్రతి సంకేతం, వాటిని బైట్లుగా భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. లింకును కాపీ చేసినప్పుడు చాలా సందర్భాల్లో ఒక్కో బైటు ఒక శాతం గుర్తు, రెండు అక్షరాలుగా మారుతుంది. అంటే ఒక్క సంకేతానికి 9 అక్షరాలు. "మొదటి-అప్పీలు" అన్న ఐడీలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి 12 తెలుగు సంకేతాలు, ఒక అడ్డగీత ఉన్నాయి. లింకులో అది 109 అక్షరాలై, మనిషి చదవడానికి వీల్లేని శాతం గుర్తుల గొలుసుగా కనిపిస్తుంది. తెలుగులో రాసిన ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేవి 70 అక్షరాలే. కీప్యాడ్ ఫోన్ ఉన్న తల్లిదండ్రుల కోసం పిల్లలు ఎస్సెమ్మెస్ అడిగే సందర్భాలు ఈ బృందానికి కొత్త కాదు. పైగా అలాంటి గొలుసును చూసి అది మోసపు లింకేమో అని నొక్కడానికి భయపడినవారూ ఉన్నారు. వారి భయాన్ని తప్పుపట్టలేం.

కంటికి కనిపించని తేడాలు ఇంకా ఇబ్బంది పెట్టాయి. ఐడీని పోల్చేటప్పుడు బ్రౌజర్ సంకేతం పక్కన సంకేతం పెట్టి చూస్తుంది. చూడటానికి ఒకేలా ఉన్నాయి కదా అని సర్దుకోదు. "కమిషనర్‌పై ఫిర్యాదు" అన్న శీర్షికను తీసుకోండి. "ర్" తరువాత "పై" విడిగా నిలబడాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని సంకేతం ఉండాలి. కొన్ని కీబోర్డులు దాన్ని సులభంగా ఇస్తాయి, కొన్నింటిలో దాన్ని వెతుక్కోవాలి; కొన్నిసార్లు కాపీ చేసేటప్పుడే అది జారిపోతుంది. అదే మాటలోని ఐత్వానికి యూనికోడ్‌లో రెండు రూపాలు ఉన్నాయి: ఐత్వం మొత్తం ఒకే సంకేతంగా ఒకటి, ఎత్వం, దాని కింద చేరే ఐత్వపు గుర్తు కలిసి రెండు సంకేతాలుగా మరొకటి. తెర మీద రెండూ ఒక్కటే. బృందంలో ఒకరు పాత మ్యాక్ కంప్యూటర్‌లో ఒక్కో సెక్షన్‌ను ఒక్కో ఫైలుగా దాచేవారు. ఫైలు పేరే ఐడీగా మారేది. ఆ పాత మ్యాక్ ఫైల్ వ్యవస్థ పేర్లలోని ఇలాంటి అక్షరాలను విడదీసి భద్రపరుస్తుంది. లింకు రాసినవారు ఒకే సంకేతంతో రాశారు, పేజీలో రెండు సంకేతాలు ఉన్నాయి, బ్రౌజర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. ఈ ఒక్క తేడాను కనిపెట్టడానికి నాకు ఒక పూట పట్టింది.

ఇదంతా ఆ ఉపాధ్యాయుల ఎదుట కూర్చుని ఒక్కొక్కటిగా చూపించాను. ఆయన అక్షరాల విడివిడి రూపాలను శ్రద్ధగా చూసి, "చదివే మనిషికి తెలుగు ఉండాలి, యంత్రం పోల్చుకునే గుర్తు ఏదైతే ఏం" అని ఒప్పుకున్నారు. లింకుతో పాటు పంపే సందేశంలో మాత్రం సెక్షన్ పేరు తప్పనిసరిగా తెలుగులో ఉండాలని ఆయన పెట్టిన షరతును మేము నియమంగా తీసుకున్నాం. అది మంచి షరతు. లింకు ఏ కారణం చేతనైనా పనిచేయకపోతే, ఏం వెతకాలో ఆ మనిషికి తెలుస్తుంది.

చివరకు మేము ఎంచుకున్న పేరు చట్టమే ఇచ్చింది. పార్లమెంటు ఒక సెక్షన్‌కు ఇచ్చిన సంఖ్య మా శీర్షికలు మారినా, అనువాదం మారినా, పేజీ రూపం మారినా మారదు. కాబట్టి ప్రతి సెక్షన్ ఐడీ రోమన్ లిపిలోని చిన్న ఎస్ అక్షరం, దాని వెంట సెక్షన్ సంఖ్య. ఉత్త సంఖ్య కూడా ఇప్పటి ప్రమాణంలో చెల్లుతుంది కానీ, సీఎస్‌ఎస్‌లో అంకెతో మొదలయ్యే ఐడీని పిలవడం తలనొప్పి కనుక ముందు ఒక అక్షరం పెట్టాం. ఉపనిబంధనలకు అడ్డగీతలు వాడాం: ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తానే ప్రకటించాల్సిన 17 అంశాలున్న 4(1)(బి)కి ఎస్4-1-బి, వ్యక్తిగత సమాచారం మినహాయింపు అయిన 8(1)(జె)కి ఎస్8-1-జె. ఇక్కడ తెలుగులో రాసినా, పేజీలో అవి రోమన్ చిన్న అక్షరాలే. పెద్దవి, చిన్నవి కలిస్తే బ్రౌజర్ వాటిని వేర్వేరుగా చూస్తుంది కాబట్టి పెద్ద అక్షరాలను పూర్తిగా నిషేధించాం. మా చేతికి వచ్చిన తెలుగు ప్రతుల్లో ఒకదానిలో (ఎ), (బి) అని, మరొకదానిలో (అ), (ఆ) అని ఉంది. ఆ తేడా కూడా ఇంగ్లిష్ మూలంలోని అక్షరాన్నే పట్టుకోవడంతో తీరిపోయింది.

చట్టంలో లేని, మేము రాసుకున్న విభాగాలకు సంఖ్య లేదు. ఉదాహరణకు దరఖాస్తు రుసుముల పట్టిక: గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. దీనికి "రుసుము" అన్న మాటనే రోమన్ అక్షరాల్లో రాసి ఐడీగా పెట్టాం. అలాంటి పేర్లు ఒక్క మాటలో ఉండాలని, పేజీలో ఎక్కడ ఉన్నా అవే కొనసాగాలని నిర్ణయించాం. సెక్షన్ పాఠానికి, దాని వివరణకు ఒకే ఐడీ పడిన చోట్లు కూడా కొన్ని దొరికాయి. ఒకే ఐడీ రెండు చోట్ల ఉంటే బ్రౌజర్ మొదటిదానికే వెళుతుంది కనుక, వివరణ కోసం పంపిన లింకు పాఠం దగ్గర ఆగేది. వివరణలకు చివర ఒక అక్షరం చేర్చి వేరు చేశాం.

పేర్లు కుదిరాక, లింకు సరైన చోటికి చేరినా చదివేవారికి అది సరైన చోటుగా కనిపించడం లేదని తెలిసింది. పేజీ పైన బృందం పేరు, వెతుకుడు పెట్టె ఉన్న పట్టీ తెరకు అంటుకుని ఉండేది. బ్రౌజర్ సెక్షన్ శీర్షికను సరిగ్గా తెర పైఅంచుకు చేర్చేది, ఆ పట్టీ దానిని కప్పేసేది. చదివేవారికి శీర్షిక లేకుండా ఏదో ఉపనిబంధన మధ్యలో నుంచి కనిపించేది. దీనికి సీఎస్‌ఎస్‌లో స్క్రోల్ మార్జిన్ టాప్ అనే లక్షణం ఉంది. ప్రతి శీర్షికకు పైన ఇంత జాగా వదిలి ఆగమని దానితో చెప్పవచ్చు. కానీ ఎంత జాగా అన్నదే చిక్కు. కంటిచూపు తగ్గినవారు ఫోన్‌లో అక్షరాల పరిమాణం పెంచుకుంటారు. అప్పుడు పట్టీలోని తెలుగు పేరు రెండు వరుసలై పట్టీ ఎత్తు పెరుగుతుంది, మేము లెక్కకట్టిన జాగా చాలదు. చిన్న తెరల మీద పట్టీని అంటుకోకుండా వదిలేయడమే మేలని నేను గట్టిగా చెప్పాను. అంత చిన్న తెరలో ఆ పట్టీ ఆక్రమించిన చోటు చట్టం చదవడానికి కావాలి. కంప్యూటర్ తెరల మీద మాత్రం పట్టీని ఉంచి, జాగాను అక్షర పరిమాణంతో పాటు పెరిగే కొలతలో ఇచ్చాం.

మరో ఫిర్యాదు వింతగా ఉండేది: లింకు నొక్కితే ఒక్క క్షణం సరైన సెక్షన్ కనిపించి, తరువాత అదే జారిపోతోందట. సెక్షన్ 6 దగ్గర స్కాన్ చేసిన దరఖాస్తు నమూనాల బొమ్మలు ఉన్నాయి. వాటి ఎత్తు, వెడల్పు హెచ్‌టీఎంఎల్‌లో రాయలేదు కాబట్టి, బొమ్మ వచ్చేవరకు బ్రౌజర్ వాటికి చోటు కేటాయించేది కాదు. ముందు సెక్షన్ 19కి వెళ్లి నిలిచేది, నిదానంగా నడిచే నెట్‌లో పైనున్న బొమ్మలు ఒక్కొక్కటే వచ్చి కిందివన్నీ తోసేసేవి. క్రోమ్ ఈ తోపుడును కొంతవరకు తానే సర్దుతుంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోలేం. బొమ్మలన్నిటికీ కొలతలు రాయడంతో ఇది ఆగింది. తెలుగు ఫాంటు ఆలస్యంగా వచ్చినప్పుడు వరుసల ఎత్తు మారి చిన్న కదలిక ఇంకా ఉంటుంది; ఫాంటును ముందుగానే తెప్పించడంతో అది బాగా తగ్గింది.

వివరణలన్నీ నొక్కితే తెరుచుకునే పెట్టెల్లో మూసి ఉండటం ఇంకొక అడ్డంకి. మూసిన పెట్టె లోపలి విభాగానికి లింకు పంపితే, కొత్త బ్రౌజర్లలో డీటెయిల్స్ అనే హెచ్‌టీఎంఎల్ మూలకం తానే తెరుచుకుంటుంది, పాత ఫోన్లలో తెరుచుకోదు. చిరునామాలోని ఫ్రాగ్మెంట్‌ను చూసి దాని చుట్టూ ఉన్న పెట్టెలన్నిటినీ తెరిచే చిన్న జావాస్క్రిప్ట్‌ను చేర్చాను. చేరుకున్న విభాగానికి లేత పసుపు రంగు కూడా వేశాం. సీఎస్‌ఎస్‌లో టార్గెట్ అనే గుర్తింపుతో ఇది సులభం. దీని అవసరం పేజీ చివర బాగా తెలుస్తుంది. సెక్షన్ 30, 31 తరువాత పేజీలో ఇంకేమీ లేకపోతే వాటిని తెర పైఅంచుకు తేవడం బ్రౌజర్‌కు సాధ్యం కాదు. అవి తెర మధ్యలోనో అడుగునో ఉండిపోతాయి, రంగు లేకపోతే తాము వచ్చినది దేనికో చదివేవారికి తెలియదు.

బృందంలో చూపు లేని ఒక సభ్యురాలు, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఈ పేజీని వాడతారు. పాత విషయసూచికలో సెక్షన్ పేరు నొక్కితే తెర జరిగేది కానీ, స్క్రీన్ రీడర్ మళ్లీ విషయసూచిక నుంచే చదివేదని ఆమె చెప్పేవరకు ఎవరూ గమనించలేదు. మామూలు లింకులకు మారడంతోనే ఇది చాలావరకు తీరింది. శీర్షికలకు ఫోకస్ (స్క్రీన్ రీడర్ చదవడం మొదలుపెట్టే చోటు) తీసుకునే వీలు కల్పించాక పూర్తిగా తీరింది. ఆమె పరీక్షించి సరేనన్న తరువాతే ఆ భాగాన్ని పూర్తయినట్టు లెక్కపెట్టాం.

లింకులు కాపీ చేసుకోవడానికి ప్రతి శీర్షిక పక్కన ఒక చిన్న గొలుసు గుర్తు పెట్టాం. దాన్ని నొక్కితే ఆ విభాగం పూర్తి లింకు కాపీ అవుతుంది. ఇక ఎవరూ చిరునామా పట్టీని పట్టుకుని వెతకనక్కర్లేదు. ఇంతా చేశాక కూడా కొన్ని లింకులు పేజీ పైభాగంలోనే ఆగుతున్నాయని కబురు వచ్చింది. ఆ సందేశాలను తెప్పించుకుని చూస్తే కారణం మన భాషలోనే ఉంది. తెలుగులో విభక్తిని మాటకు అంటించి రాస్తాం. సందేశం రాసినవారు లింకు పెట్టి, ఖాళీ వదలకుండా "లో చూడండి" అని రాశారు. ఫోన్ ఆ "లో"ను కూడా లింకులో భాగమనుకుంది. ఎస్19 అనే ఐడీ పేజీలో ఉంది. దాని చివర తెలుగు "లో" తగిలించిన ఐడీ లేదు. ఖాళీ వదలమని అందరికీ చెప్పడం వల్ల ఇది తీరదు, ఎందుకంటే ఖాళీ లేకుండా రాయడమే మన చేతికి సహజం. అందువల్ల, అడిగిన ఐడీ పేజీలో లేనప్పుడు దాని చివరనున్న రోమన్ అక్షరం, అంకె, అడ్డగీత కానివన్నీ తొలగించి మళ్లీ వెతికేలా జావాస్క్రిప్ట్‌లో రాశాను. చివర చేరిన చుక్కలు, కామాలు కూడా దీనితోనే పోతాయి. ఐడీలను రోమన్‌లో పెట్టడం వల్ల కలిగిన ఈ మేలు మేము ముందు ఊహించనిది. ఐడీయే తెలుగులో ఉంటే, పేరు ఎక్కడ ముగిసి విభక్తి ఎక్కడ మొదలైందో తేల్చడం కష్టమయ్యేది. అప్పటికీ దొరకకపోతే "మీరు వెతికిన విభాగం దొరకలేదు, కింది జాబితాలో చూడండి" అని పేజీ పైన కనిపిస్తుంది.

పాత లింకుల సంగతి ఇంకా మిగిలింది. నేను రాకముందు బృందం ఒకసారి ఈ పేజీని అధ్యాయాల వారీగా ఆరు పేజీలుగా విడదీసి, కొన్ని నెలల తరువాత మళ్లీ కలిపింది. విడదీసినప్పుడు పాత పేజీ చిరునామాను మొదటి అధ్యాయానికి మళ్లించారు. ఇలా మళ్లించినప్పుడు బ్రౌజర్ ఫ్రాగ్మెంట్‌ను కొత్త చిరునామాకు మోసుకెళుతుంది. అందుకే వెబ్‌సైటు పేరు మాత్రమే మారినప్పుడు విభాగాల లింకులకు ఏమీ కాదు. కానీ సెక్షన్ 19 ఉన్నది అయిదో అధ్యాయంలో. సర్వర్‌కు ఫ్రాగ్మెంట్ కనిపించదు కాబట్టి ఎవరిని ఏ అధ్యాయానికి పంపాలో దానికి తెలియదు. ఆ నిర్ణయం బ్రౌజర్‌లోనే జరగాలి. ఇప్పటివరకు వాడిన పాత ఐడీలన్నిటినీ సేకరించి, ఏది ఇప్పుడు ఏ విభాగమో ఒక పట్టికగా రాసి పేజీలో చేర్చాను. వరుస సంఖ్యల ఐడీలకు మాత్రం ఈ పట్టిక పూర్తి న్యాయం చేయలేదు. పాత 19వ లింకు శీర్షిక చేర్చకముందు పంపినదా, తరువాత పంపినదా అన్నది లింకును చూసి చెప్పలేం. ఆ లింకులకు ఊహతో ఒక సెక్షన్ తెరవడం తప్పని భావించి, 18, 19 రెండింటినీ చూపి, ఏది దేనికో రెండు వాక్యాల్లో చెప్పే పెట్టెను పెట్టాం.

చట్టం మారినప్పుడు ఏం చేయాలన్నది కూడా త్వరలోనే ముందుకు వచ్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను మార్చింది. నిబంధన సంఖ్య అదే, పాఠం వేరు. ఎస్8-1-జె ఎప్పుడూ అమలులో ఉన్న పాఠానికే వెళ్లాలని నిర్ణయించాం, ఎందుకంటే ఈ రోజు దరఖాస్తు రాసేవారికి కావలసినది అది. అయితే పాత అప్పీళ్లలో వాదనలు 2005 నాటి పాఠం మీద నిలబడి ఉన్నాయి. ఆ పాఠాన్ని తీసేయకుండా కింద ఉంచి, ఐడీ చివర 2005 అని చేర్చి దానికి వేరే చిరునామా ఇచ్చాం. రెండింటి మధ్య ఒకదాని నుంచి మరొకదానికి లింకు ఉంది.

మన అధీనంలో లేని పేజీల విషయంలో ఈ పద్ధతులేవీ పనికిరావు. ఏదైనా ప్రభుత్వ శాఖ వెబ్‌సైటులోని ఒక వాక్యాన్ని చూపాలంటే అక్కడ ఐడీలు ఉండకపోవచ్చు. అలాంటి చోట పేజీలోని మాటలనే లింకులో రాసి, ఆ మాటల దగ్గరకు చేరే టెక్స్ట్ ఫ్రాగ్మెంట్ పద్ధతిని వాడుతున్నాం. ఇది క్రోమ్‌లో 2020లో 80వ వెర్షన్‌తో వచ్చింది; ఫైర్‌ఫాక్స్‌లో 2024లో 131వ వెర్షన్‌తో వచ్చింది. తెలుగు వాక్యానికి వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇది పూర్తి మాటలనే పోలుస్తుంది. "సమాచారం" అని రాస్తే "సమాచారాన్ని" దగ్గర ఆగదు. పేజీలో ఉన్న రూపాన్ని ఉన్నట్టే తీసుకోవాలి. ఆ పేజీలో ఒక్క మాట దిద్దినా లింకు పనిచేయడం మానుతుంది కాబట్టి, నిలకడగా ఉండాల్సిన చోట దీన్ని వాడవద్దని బృందానికి చెప్పాను. పీడీఎఫ్‌లకు చివర పేజీ సంఖ్య చేర్చే పద్ధతి కంప్యూటర్ బ్రౌజర్లలో బాగానే పనిచేస్తుంది. ఫోన్‌లో ఫైలు దిగి వేరే యాప్‌లో తెరుచుకుంటే ఆ సంఖ్య పోతుంది.

ఇప్పుడు పేజీని మార్చిన ప్రతిసారీ, ప్రచురించే ముందు ఒక చిన్న ప్రోగ్రాం నడుస్తుంది. హాష్ గుర్తు ఉన్న ప్రతి లింకుకు పేజీలో ఐడీ ఉందా, ఒకే ఐడీ రెండుసార్లు వచ్చిందా, ఇంతకుముందు ఉన్న ఐడీ ఏదైనా మాయమైందా అని అది చూస్తుంది. మూడింటిలో ఏది తప్పినా ప్రచురణ ఆగుతుంది. మొదట్లో ఇది అడ్డుగా ఉందని కొందరు విసుక్కున్నారు. వివరణ రాస్తూ పొరపాటున సెక్షన్ 20 ఐడీని చెరిపేసిన రోజున అది ఆపడంతో ఆ మాట మళ్లీ రాలేదు. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా గురించి చెప్పేది ఆ సెక్షనే. బృందం అత్యంత తరచుగా పంపే లింకుల్లో అదొకటి.

ఈ మధ్య బృందం కరపత్రాలు అచ్చువేసి, మండల కార్యాలయాల బయట పంచడం మొదలుపెట్టింది. ఒక్కో కరపత్రం మీద ఒక సెక్షన్ సారాంశం, ఒక క్యూఆర్ కోడ్ ఉంటాయి. 30 అక్షరాల వెబ్ చిరునామాకు ఎస్19 చేరిస్తే, మధ్యస్థ దోష సవరణ స్థాయిలో (కోడ్ కొంత చెరిగినా చదవగలిగేలా అదనపు సమాచారం చేర్చే స్థాయి), కోడ్ 29 అడ్డు 29 నిలువు గడుల్లో ఇమిడిపోతుంది. అదే తెలుగు ఐడీ శాతం గుర్తులతో అయితే 49 అడ్డు 49 కావాలి. చౌక కాగితం మీద, పాత ఫోన్ కెమెరాకు ఆ తేడా పెద్దదే. అచ్చుకు పంపే ముందు నాలుగు రకాల ఫోన్లతో, ఎండలోనూ నీడలోనూ ప్రతి కోడ్‌ను చదివించి చూశాం. కాగితం మీద పడిన ఐడీల జాబితాను వేరే ఫైలులో రాసి, వాటిని ఎప్పటికీ తొలగించరాదని పరీక్షించే ప్రోగ్రాంకు చెప్పాం. ఆ ఫైలులో మొదటి వరుస ఎస్19.